మా ఇంట ఆడమ్స్ వారి కాపురం

ఫ్లాటు నేల ఎంత సమంగా ఉందో బిల్డరు చెప్పడు, పిన్‌బాల్ మెషీను చెబుతుంది. ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో, పదకొండో అంతస్తులో, మా హాల్లో దాన్ని నాలుగు కాళ్ళ మీద నిలబెట్టగానే బంతి ప్రతిసారీ ఎడమకే, బాల్కనీ వైపే దొర్లింది. మేస్త్రీ వచ్చి రసమట్టం పెట్టి సరిచేశాడు. అంతటితో ఊరుకోక, వెనక కాళ్ళు ఎత్తుగా ఉన్నాయని వాటినీ దించబోయాడు. "వద్దు భయ్యా, ఆ వాలు ఉండాలి" అన్నాను. వెనక నుంచి ముందుకి ఆరున్నర డిగ్రీల వాలు ఉంటేనే ఆట. వంకరగా పెట్టుకోవడానికి మేస్త్రీ ఎందుకన్నట్టు చూసి, కూలి మాత్రం సమంగా లెక్కపెట్టుకుని వెళ్ళాడు.

మెషీను పేరు 'ది ఆడమ్స్ ఫ్యామిలీ'. 1991లో వచ్చిన సినిమాను పట్టుకుని 1992లో బాలీ పేరుతో షికాగోలో తయారైంది. 20,270 అమ్ముడుపోయిన రికార్డు దానిది. పాతదే గానీ మాకు కొత్త. పుట్టింట్లో 120 వోల్టులు తాగి పెరిగినదాన్ని ట్రాన్స్‌ఫార్మర్ తీగలు మార్చి మన 230కి అలవాటు చేయించాం. వంద కిలోలు దాటిన ఆ శరీరాన్ని కాళ్ళు విప్పి, తల మడిచి సర్వీసు లిఫ్టులో ఎక్కిస్తుంటే గార్డు కాసేపు ఆలోచించి రిజిస్టరులో 'ఫ్రిజ్' అని రాసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే రాజమండ్రి నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో అత్తయ్యగారూ మామయ్యగారూ దిగారు.

మెషీను బల్ల నడిమధ్యన కరెంటు కుర్చీ ఉంటుంది, అమెరికాలో ఉరికి బదులు వాడేది. ఓ పక్కన చిన్న పెట్టె. అదను చూసుకుని పెట్టె మూత లేస్తుంది, లోపల్నుంచి మణికట్టు దాకా ఓ చెయ్యి వస్తుంది, వేళ్ళలో దాచిన అయస్కాంతంతో బంతిని పట్టుకుని మళ్ళీ లోపలికి పోతుంది. ఇంజినీర్లు చేతులెత్తి మొక్కాల్సిన పనితనం. అత్తయ్యగారూ చేతులెత్తి మొక్కారు, కాకపోతే ఆంజనేయస్వామికి.

"ఎవరిదే అమ్మాయ్ ఆ చెయ్యి?" అన్నారు మా ఆవిడతో. "తెగిన చెయ్యి, చంపే కుర్చీ. పైగా ఈశాన్యం మూల!"

మూల మార్చడానికి మళ్ళీ మేస్త్రీ కావాలి. అందుకని శనివారం సిగ్నల్ దగ్గర అమ్మే నిమ్మకాయ మిరపకాయల దండ తెప్పించి, అమెరికా పావలాలు వేసే కంత పక్కన వేలాడదీశారు.

మామయ్యగారు ఆడిట్‌లో రిటైరయ్యారు. ఆయన కన్ను చేతి మీద పడలేదు, కంత మీద పడింది. "డబ్బులేసే కంత ఉందంటే జూదమేనోయ్ అల్లుడూ."

న్యూయార్క్ మేయరు లా గార్డియా కూడా 1942లో అచ్చం అదే మాటని, వీటిని నిషేధించి, సుత్తితో పగలగొట్టించాడు. నిజానికి ఆయన అన్నది అబద్ధమూ కాదు. బంతిని తిప్పికొట్టే ఫ్లిప్పర్లు వచ్చింది 1947లో. అంతకుముందు స్ప్రింగు లాగి వదలడం, దేవుడి మీద భారం వెయ్యడం. ఆ నిషేధం 1976 దాకా సాగింది. చివరికి రోజర్ షార్ప్ అనే కుర్రాడు నగర కౌన్సిల్ సభ్యుల ముందు మెషీను పెట్టించి, బంతి నడిమి సందులోంచి దిగుతుందని ముందే చెప్పి, అలాగే దింపి చూపించాడు. ఇదంతా చెప్పాను.

"అయితే నువ్వూ చూపించు" అన్నారు మామయ్యగారు.

"కుర్చీలోకి" అని ప్రకటించి కొట్టాను. బంతి కుర్చీ దాకా వెళ్ళి, ఎందుకో మనసు మార్చుకుని, రెండు ఫ్లిప్పర్ల మధ్య నుంచి తిన్నగా కిందికి పోయింది. మూడు బంతులూ పోయేసరికి తెర మీద రెండు కోట్ల చిల్లర.

"మూడు పోగొట్టి రెండు కోట్లు ఆదాయం చూపించావా? ఇలాంటి పద్దులు చూశాను. వాళ్ళని సస్పెండ్ చేశారు."

తర్వాత తనే అందుకున్నారు. మెషీన్ని కాస్త నెట్టొచ్చని, శ్రుతి మించితే లోపల వేలాడే గుండు చుట్టూ ఉన్న రింగును తాకి 'టిల్ట్' అంటుందని, ఫ్లిప్పర్లు చచ్చుబడతాయని ముందే హెచ్చరించాను. సాయంత్రం రాజీవ్ చౌక్‌లో మెట్రో ఎక్కే ఊళ్ళో నెట్టుడుకి ఇంత నియమమా అని నాకే నవ్వొచ్చింది. మామయ్యగారు మాత్రం ఆడపిల్లని అత్తారింటికి పంపుతున్నంత సున్నితంగా నెట్టారు. అయినా బంతి దక్కలేదు.

ఆట ముగిశాక మెషీను తనంతట తానో అంకె చూపిస్తుంది. మన స్కోరులో చివరి రెండంకెలతో అది కలిస్తే ఇంకో ఆట ఉచితం. కలిసింది. లోపలి సుత్తి పెట్టె చెక్క మీద ఠప్పున కొట్టింది.

"ఇందులో నైపుణ్యం ఎక్కడుంది?" అన్నారాయన.

"ఇది మటుకు అదృష్టమేనండీ."

"ఈ సంగతి న్యూయార్కు వాళ్ళకి చూపించారా?"

నేను జవాబు వెతుక్కునేలోపు ఫోను మోగింది. సొసైటీ గ్రూపులో పదో అంతస్తాయన: మధ్యాహ్నం పూట వడ్రంగి పని ఎవరింట్లో? దాని కింద అప్పుడే నాలుగు కోపం బొమ్మలు.

"ఏం రాయమంటారు?" అన్నాను.

మామయ్యగారు ఉచిత ఆట బటన్ నొక్కుతూ, తల తిప్పకుండా చెప్పారు: "'విషయం పరిశీలనలో ఉంది' అని రాయి. ఢిల్లీలో దాని మీద మళ్ళీ ఎవరూ అడగరు."