మా బావ కొని తిడతాడు

కొత్త బొమ్మ ఇంటికొచ్చిన రోజు మా బావ మొహం చూస్తే, ఎవరో కావలసినవాళ్లు పోయారనుకుంటారు. టేపు కోసి, పెట్టె విప్పి, ఆరంగుళాల వీరుణ్ణి బయటికి తీసి, ట్యూబులైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, "అయిపోయిందిరా, ఈ కంపెనీ పనైపోయింది" అని నిట్టూరుస్తాడు. ఏళ్ల తరబడి అయిపోతూనే ఉంది. అయినా ఆ కంపెనీ నడుస్తోంది. నడవడానికి కావలసిన డబ్బులో మా బావ జీతం వాటా కూడా కొంత ఉంది.

ఇలాంటివాళ్లు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు. పాత హెచ్‌ఎంటీ గడియారాల వాళ్లు కొందరు, ఎల్పీ రికార్డుల వాళ్లు కొందరు. మా కుటుంబానికి దక్కింది యాక్షన్ ఫిగర్ల శాఖ. మనిషి మా మేనత్త కొడుకే, మా అక్కని చేసుకున్నాడు. ఉద్యోగం బ్యాంకులో. లోను కాగితాలు చూసే కళ్లజోడుతోనే ఇక్కడా తనిఖీ. ఎడమ కనుపాప విజయవాడ వైపు, కుడి కనుపాప వరంగల్ వైపు చూస్తోందని ఒక బొమ్మ మీద ఫిర్యాదు. భుజం రంగు మెడ రంగుతో కలవలేదని ఇంకోదాని మీద. బెల్టు బకిలీకి వెండి రంగు పూయకుండా వదిలేశారని మరోదాని మీద. ఆ బకిలీ కందిపప్పు బద్దంత ఉంటుంది. అదెక్కడుందో నాకు కనపడటానికే కాస్త సేపు పట్టింది.

ఇదంతా ఎనభైల చివర దూరదర్శన్‌తో మొదలైంది. అందులో హీ-మ్యాన్ కార్టూన్ వచ్చేది. ఆ బొమ్మల్ని అమెరికాలో మ్యాటెల్ 1982లో మొదలుపెడితే, ఇక్కడ లియో పేరుతో తయారయ్యేవి. నడుము పట్టుకుని తిప్పి వదిలితే హీ-మ్యాన్ గుద్దు గుద్దేవాడు. తర్వాత మన ఎంఆర్‌ఎఫ్, అమెరికా హాస్‌బ్రో కలిసి పెట్టిన ఫన్‌స్కూల్ నుంచి జి.ఐ. జో సైనికులు దిగారు. మూడుముప్పావు అంగుళాల మనుషులు, మోకాళ్లూ మోచేతులూ వంగేవి. మామయ్య లెక్క సూటిగా ఉండేది: క్లాసులో ఫస్టొస్తే బొమ్మ, సెకండొస్తే కంపాస్ బాక్సు. మా బావకి ఇప్పటికీ కంపాస్ బాక్సు కనపడితే మొహం ముడుచుకుంటుంది.

ఆ రోజుల ప్లాస్టిక్ గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతు మారిపోతుంది. "గట్టిగా ఉండేదిరా. మేడ మీంచి పడేసినా చెక్కుచెదిరేది కాదు." ఇప్పటివి మెత్తన. కత్తులు పెట్టెలోంచే వంకరపోయి వస్తాయి. దానికో వైద్యం ఉంది: మరిగే నీళ్లలో ముంచి, నిటారుగా సాగదీసి, వెంటనే చన్నీళ్లలో పెట్టాలి. ఈ వైద్యం జరిగేది మా అక్క పాలగిన్నెలో. ఒకరోజు పొద్దున్నే కాఫీ పెట్టబోయి మూత తీస్తే, లోపల రెండు ఖడ్గాలూ ఒక గండ్రగొడ్డలీ కనిపించాయట. ఆ పూట ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఎండాకాలం మరీ కష్టం. మెత్తటి చీలమండలు వేడికి నెమ్మదిగా ఒంగి, ఏ అర్ధరాత్రో షోకేసులో ముందువరస వీరుడు బోర్లా పడతాడు, అతనితో పాటు వరసంతా. మా అక్క దొంగలనుకుని లేస్తుంది. ఆయన మాత్రం లేవకుండానే, "ఏం లేదు, పడుకో. చైనా ప్లాస్టిక్" అంటాడు.

నాణ్యత తగ్గలేదని నేనూ అనను. ఒక్కో రంగుకీ ఒక్కో అచ్చు పెట్టి విడిగా పూయాలి. రంగు పెరిగినకొద్దీ ఖర్చు పెరుగుతుంది కాబట్టి ముందు బకిలీకి, ఆ తర్వాత బూటుకి రంగు ఎగ్గొడతారు. బొమ్మ వెలిసిపోతుంటే ధర మాత్రం ఎదిగింది. ఆరంగుళాల మార్వెల్ లెజెండ్స్ బొమ్మ అమెరికాలో చాలాకాలం 20 డాలర్లుండి, తర్వాత 25కి చేరింది. మొహాలు మాత్రం బాగుపడ్డాయి. 2017 ప్రాంతం నుంచి మొహాన్ని బొమ్మ మీద నేరుగా ప్రింటు చేసే పద్ధతి రావడంతో, నటుడు నటుడిలాగే ఉంటున్నాడు. ఈ ఒక్క విషయం ఒప్పుకోవలసి వచ్చినప్పుడు మా బావ పళ్లు నొప్పెడుతున్నట్టు దవడ పట్టుకుంటాడు.

ఆయన వాదనలో నన్ను విసిగించేది ఒకటుంది. "ఒకే ఒళ్లు పోతపోసి, తలకాయ మార్చి, కొత్త బొమ్మ అని అమ్ముతున్నార్రా దొంగలు!" అంటాడు. నేను ఊరుకోను. "బావా, నీ హీ-మ్యాన్ కాలంలో చేసిందీ అదేగా? బీస్ట్‌మ్యాన్ మొండెమే స్ట్రాటోస్‌కీ పెట్టారు. హీ-మ్యాన్ ఎక్కి తిరిగే ఆ బ్యాటిల్ క్యాట్, అంతకుముందు మ్యాటెల్ వాళ్లే బిగ్ జిమ్ అనే బొమ్మ కోసం చేసిన పులి. మిగిలిపోయిన అచ్చుకి ఆకుపచ్చ రంగేశారు" అంటాను. "అది వేరు" అంటాడు. 2013లో స్టార్ వార్స్ బొమ్మలు కొన్నిటికి ఐదే జాయింట్లు పెట్టారని నెల రోజులు అన్నం సహించలేదాయనకి. మరి ఆయన పూజగదికి ఎదురుగా గాజు డబ్బాలో పెట్టుకున్న 1978 నాటి కెన్నర్ వారి స్టార్ వార్స్ బొమ్మ ల్యూక్‌కి ఎన్ని? తల, రెండు చేతులు, రెండు కాళ్లు. ఐదే. "అది మరీ వేరు" అంటాడు.

ఇక పెట్టెల గొడవ. మా బావ ప్రతి బొమ్మా రెండు కొంటాడు, విప్పడానికొకటి, విప్పకుండా దాచడానికొకటి. ప్లాస్టిక్ వాడకం తగ్గిస్తామని హాస్‌బ్రో 2019లో ప్రకటించి, ఆ తర్వాత కిటికీ లేని అట్టపెట్టెల్లో బొమ్మల్ని పంపడం మొదలుపెట్టింది. పెళ్లిచూపులు లేకుండా తాళి కట్టించినట్టయింది ఆయనకి. పైన అట్ట మీద వీరుడు దివ్యంగా ఉంటాడు, లోపల మెల్లకన్నో వంకరమెడో తెలియదు. విప్పితే రెండోది పాడవుతుంది, విప్పకపోతే అందులో బొమ్మ ఉందన్న భరోసా లేదు. చివరికి వంటింటి త్రాసు తెచ్చి, విప్పిన బొమ్మనీ విప్పని పెట్టెనీ తూచి, అట్ట బరువు తీసేసి, ఉన్నాడని తేల్చుకున్నాడు. జనం గోల చేశాక కంపెనీ కొన్నిటికి మళ్లీ కిటికీ పెట్టింది. ఆ వార్త విన్న రోజు మా ఇంటికి జిలేబీలు పంపాడు.

ప్రభుత్వం కూడా ఆయన మీద పగబట్టింది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. పసివాళ్ల నోట్లో విషపు రంగులు పోకూడదని, ఇక్కడి తయారీదార్లు బతకాలని. న్యాయమైన మాటే. కానీ మా బావ వయసు యాభై, బొమ్మలు నోట్లో పెట్టుకోడు. దాంతో భారమంతా డాలస్‌లో ఉన్న మా తమ్ముడి సూట్‌కేసు మీద పడింది. వెళ్లేటప్పుడు గోంగూర పచ్చడి, వచ్చేటప్పుడు స్పైడర్‌మ్యాన్. మూలలు నలగకూడదట, అందుకని అందరికీ తెచ్చిన చాక్లెట్లు వాడి జేబుల్లోకి చేరతాయి.

ఈ గుణం ఎక్కణ్నుంచి వచ్చిందా అనుకునేవాణ్ణి, మా అత్తయ్య సంక్రాంతి బొమ్మల కొలువు చూసేదాకా. కొండపల్లి దశావతారాల్ని మెట్ల మీద సర్దుతూ, "ఇవేం రంగులురా! మా అమ్మ నాటివి ఆకులతో, పసర్లతో వేసిన రంగులు. ఇవన్నీ ఎనామిల్ పూతలు, కళ్లు పొడుస్తున్నాయి" అని పెదవి విరిచింది. ఆ తర్వాత మరో రెండు సెట్లు కొనిపించింది. (కొండపల్లి బొమ్మకి భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి ఐఎస్‌ఐ బెడద లేదు, తల్లికి దారి సుగమం.) తెల్ల పొణికి కర్రకి చింతగింజల పిండితో చేసిన మక్కు ఎంత పట్టించారో గోటితో గీరి చూసింది కూడా. పక్కనే కొడుకు స్కెలిటార్ బొమ్మ మోకాలు వంచి చూస్తున్నాడు. అదే పెదవి, అదే విరుపు.

ఇంతకీ ఆ బంగారు కాలపు బొమ్మలు ఎలా ఉన్నాయంటారా? తెల్లవి పసుపెక్కాయి. జి.ఐ. జోల నడుము లోపల ఒక రబ్బరు రింగుంటుంది, పైభాగాన్నీ కాళ్లనీ అదే పట్టి ఉంచుతుంది. అది ఎండి తెగితే సైనికుడు రెండు ముక్కలు. మా బావ ఇనపసామాను కొట్టుకి వెళ్లి చిన్నసైజు రింగులడిగితే, "ఏ కుళాయికి సార్?" అంటాడు కొట్టతను. మా బావ తలొంచుకుని, "బాత్‌రూముది" అంటాడు. బొటనవేళ్లయితే ఆ బొమ్మలకి పుట్టుకతోనే పెళుసు, తుపాకీ పట్టించబోతే విరిగేవి. వేళ్లు పోయినవాళ్లందరికీ ఒక బిస్కట్ డబ్బా కేటాయించి, మూత మీద 'ఏకలవ్యులు' అని రాసి పెట్టుకున్నాడు. మేడ మీంచి పడేసినా చెక్కుచెదరని ప్లాస్టిక్ ఇదే.

పిల్లలొస్తే ఆ డబ్బా ఇస్తాడు. ఇచ్చి, పక్కనే కూర్చుని, నిమిషానికోసారి "మెల్లగా" అంటుంటాడు. పోయిన వేసవిలో మావాడు డబ్బా వదిలేసి, షోకేసులోని కొత్త బొమ్మ తీసి కాలు విరిచాడు. నా గుండె జారింది. మా బావ పరిగెత్తుకొచ్చి, విరిగిన కాలు అందుకుని, జాయింటు లోపలికి తొంగి చూసి, వెలిగిపోయాడు. "చూశావా? చూశావా? చెబితే విన్నావా?" వాడికి ఐస్‌క్రీం ఇప్పించాడు. ఆ కాలుని వారం రోజులు జేబులో పెట్టుకుని, బ్యాంకులో అందరికీ చూపించాడు. ఆ తర్వాత అదే బొమ్మ ఇంకోటి తెప్పించాడు.

నవ్వడానికి నాకూ అంత అర్హత లేదు. ఆదివారం పేపరు చేతిలోకి తీసుకుని పేజీలు తగ్గాయని సణుగుతాను, చందా మాత్రం ఆపను.

మీ అటకల మీద పాత ట్రంకుపెట్టెలుంటే ఈ సెలవుల్లో ఒకసారి దింపి చూడండి. రెండు బొటనవేళ్లూ ఉన్న జి.ఐ. జో దొరికితే మాత్రం పారెయ్యకండి, మా బావ కొంటాడు. బేరమాడడు. బాలేదని తిడతాడు, అది పట్టించుకోకండి. ధర మాత్రం మా అక్క దగ్గర అనకండి.