సాగర్ రోడ్డు మీద ఎక్స్‌ట్రా టైమ్

ఇబ్రహీంపట్నంలో భూమి సంగతి తెలియని మనిషి దొరకడు. ఏ సర్వే నంబరు చెరువు శిఖంలోకి వస్తుందో, ఏ వెంచరుకు నలభై అడుగుల రోడ్డు ఉందో, ఫ్యూచర్ సిటీ పేరు చెప్పి గజానికి ఎంత పెంచొచ్చో చాయ్ చల్లారేలోపు చెప్పేస్తారు. ఆ జ్ఞానం ఈ మధ్య ఫుట్‌బాల్ గ్రౌండ్‌లోకీ ప్రవేశించింది. తొమ్మిదేళ్ల కొడుకును కోచింగ్‌లో చేర్పించిన తండ్రికి వాడిప్పుడు కార్నర్ బిట్టు. కట్టిన ఫీజు బయానా, కొన్న బూట్లు ప్రహరీ గోడ, జెర్సీ మీది పదో నంబరు ఈస్ట్ ఫేసింగ్. ఇక రేటు రావడమే తరువాయి.

రేటు మీద ఆశ పెంచింది 2025 డిసెంబర్ 13 సాయంత్రం. ఆ రోజు లియొనెల్ మెస్సీ ఉప్పల్ స్టేడియానికి వచ్చాడు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా బూట్లు వేసుకుని బంతి తన్నారు. మర్నాటి నుంచి సాగర్ రోడ్డు పొడుగునా పుట్టుకొచ్చిన బుల్లి మెస్సీలకు లెక్కే లేదు. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ అదే 2025లో ఊరొదిలి ఢిల్లీకి వెళ్లిపోయి పేరు కూడా మార్చుకుంది. ఆ కబురు మాత్రం ఏ తండ్రి చెవినా పడలేదు. వెంచరు బ్రోచర్లో నాలా కనబడదు కదా!

ఆదివారం పొద్దున గ్రౌండ్ గీత పక్కన నిలబడితే ఆట రంజుగా ఉంటుంది. లోపల పదిమంది పిల్లలు, బయట ఇరవైమంది కోచ్‌లు. తండ్రి ‘నువ్వే కొట్టురా’ అంటాడు. తల్లి ‘పాస్ ఇయ్యి బేటా’ అంటుంది. ఫోన్లో వీడియో తీస్తున్న మేనమామ ‘అటు గాదురా, ఇటు’ అంటాడు. ఇటు అంటే కెమెరా వైపు. జీతం తీసుకునే కోచ్ కూడా ఏదో అంటాడు గానీ, అది నాలుగో గొంతు. బంతి కాలి దగ్గరికి వచ్చిన పిల్లాడికి ఉన్న వ్యవధి ఒకటి రెండు సెకన్లు. ఆలోపు బంతిని చూడాలి, ఎదుటివాణ్ని చూడాలి, ఖాళీగా ఉన్న స్నేహితుణ్ని చూడాలి, ఏం చేయాలో తేల్చుకోవాలి. వాడు పాపం ఇవన్నీ మానేసి నాన్న మొహం చూస్తాడు. బంతి పోతుంది. ‘చూసినవా, చెప్తే వినడు’ అని తండ్రి పక్కవాళ్లకు సాక్ష్యం చెబుతాడు.

రిఫరీ పరిస్థితి ఇంకా ఘోరం. వారమంతా శేరిగూడలోనో మంగళ్‌పల్లిలోనో ఇంజినీరింగ్ క్లాసుల్లో కూర్చుని, ఆదివారం నాలుగు రూపాయల కోసం విజిల్ పట్టుకున్న కుర్రాడతను. ‘ఆఫ్‌సైడ్ ఎందుకియ్యలేదు సార్?’ అని ఓ పెద్దమనిషి గీత దాటి వస్తాడు. అయిదుగురేసి ఆడే పిల్లల ఆటలో ఆఫ్‌సైడ్ నిబంధనే ఉండదని చెప్పేలోపు, ఆ కుర్రాడిది ఏ ఊరో, ఏ కాలేజీయో, ఎవరి తాలూకో విచారణ పూర్తవుతుంది.

మ్యాచ్ విజిల్‌తో ముగుస్తుందని రూల్ బుక్కులో రాసినవాళ్లు స్కూటీ వెనక సీటు మీద కూర్చుని ఉండరు. ఎల్బీ నగర్ వైపు ఆడి ఓడిన పిల్లాడికి తుర్కయాంజాల్ దాకా ఫస్టాఫ్, బొంగులూరు గేటు దాకా సెకండాఫ్. మంగళ్‌పల్లి దాటాక ఎక్స్‌ట్రా టైమ్. ఇంటికొచ్చాక పెనాల్టీ షూటౌట్ తల్లి చేతుల్లో. ‘ఆ రెడ్డిగారబ్బాయి రెండు గోల్స్ కొట్టిండంట గదా’ అన్న మొదటి కిక్కుకే వాడు గోల్‌పోస్టులో కూలబడతాడు.

ఇంకొందరు దూరదృష్టి గలవారు. పన్నెండేళ్లవాణ్ని కాగితం మీద పదేళ్లవాణ్ని చేస్తారు. పొట్టి పిల్లల మధ్య పొడుగ్గా కనిపిస్తాడు, గోల్స్ కొడతాడు, సర్టిఫికెట్లు వస్తాయి. అయితే ఫుట్‌బాల్ పెద్దలు కాగితాన్ని నమ్మడం ఎప్పుడో మానేశారు. మన జాతీయ సమాఖ్య పిల్లల పోటీల్లో మణికట్టుకు ఎక్స్‌రే తీయించి ఎముక ఎదుగుదల చూస్తుంది. ఫిఫా 2009 నుంచే అండర్-17 ప్రపంచ కప్‌లో ఎంఆర్‌ఐ పెట్టింది. భూమి రికార్డుల ధరణి పోర్టల్‌లో పడ్డ తప్పును, దాని స్థానంలో వచ్చిన భూభారతిలో దిద్దించుకోవచ్చు. మణికట్టు ఎముకకు ఆ సౌకర్యం లేదు.

ఈ జబ్బు ఇబ్రహీంపట్నంలోనే పుట్టిందనుకుని ఎవరూ చిన్నబుచ్చుకోవద్దు. అమెరికాలోని ఒహాయోలో తల్లిదండ్రుల అరుపులు భరించలేక 1999లోనే ఆడపిల్లల లీగ్ ఒకటి ‘మౌన ఆదివారం’ పెట్టింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2023 అక్టోబర్‌లో ఓ వారాంతం పిల్లల ఆటలన్నిటికీ గీత పక్క మౌనం పాటించమంది. నార్వే ఇంకా ముందుచూపుతో 1987లోనే క్రీడల్లో పిల్లల హక్కులు రాసిపెట్టుకుంది. అక్కడ పదకొండేళ్లు వచ్చేదాకా పిల్లల లీగుల్లో పాయింట్ల పట్టికలు, ర్యాంకులు ఉండవు. పదమూడు నిండకుండా జాతీయ చాంపియన్‌షిప్ ఉండదు. ర్యాంకు లేని చదువు ఏం చదువని ఇక్కడ ఎవరైనా అడగొచ్చు. ఆ పద్ధతిలో పెరిగిన పిల్లల్లో ఒకడి పేరు ఎర్లింగ్ హాలండ్. 1998 తర్వాత నార్వే మళ్లీ 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది.

‘ఫారిన్ ముచ్చట్లు మనకెందుకు’ అనేవారి కోసం హైదరాబాద్ ముచ్చటే ఉంది. బడిపంతులుగా బతుకు మొదలుపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన కుర్రాళ్లకు పెట్టిన పోటీలు వింటే నేటి తండ్రులకు గుండె ఆగుతుంది. ఒకదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, పాస్ ఇవ్వాల్సిందే. ‘నువ్వే కొట్టురా’ అనే నాన్నకు ఆ గ్రౌండ్‌లో పనే ఉండదు.

రహీం కూడా ఓ తండ్రే. కొడుకు షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. కోచ్ సాక్షాత్తూ నాన్న. ఫోన్ చేయించాల్సిన పని లేదు, ఎమ్మెల్యే లెటరూ అక్కర్లేదు. అయినా ఆ ఒలింపిక్స్‌లో హకీం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బెంచీ మీద కూర్చుని ఆట చూశాడు. బతుకేం పాడైపోలేదు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ అయ్యాడు, అంతర్జాతీయ రిఫరీ అయ్యాడు, 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో కోచ్ పి.కె. బెనర్జీకి సహాయకుడిగా భారత జట్టుతో పనిచేశాడు, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నాడు.

ఈ కాలం సంగతి కావాలంటే గుగులోతు సౌమ్య ఉంది. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల. మొదట పరుగు పందేలు, తర్వాత ఫుట్‌బాల్. 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లింది. 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా నిలిచింది. ఆమెను కన్నవాళ్లు వ్యవసాయం చేసుకునేవాళ్లు. గీత పక్కన నిలబడి వ్యూహాలు చెప్పేంత తీరిక ఆ ఇంట్లో ఉండి ఉంటుందని అనుకోలేం.

అరవకుండా ఉండలేని పెద్దలకూ ఓ దారి ఉంది. జాతీయ సమాఖ్య 2018లో చిన్నపిల్లల కోసం గోల్డెన్ బేబీ లీగ్స్ మొదలుపెట్టింది. అలాంటి పిల్లల లీగులు నడపడానికి తల్లిదండ్రులు కూడా ముందుకు రావచ్చు. కాకపోతే అందులో సున్నం గీతలు గీయాలి, వాటర్ క్యాన్లు మోయాలి, ఓడిన జట్టు పిల్లలకు కూడా అరటిపండ్లు పంచాలి. ఆ పని చేస్తే గొంతుకు తీరిక చిక్కదు.

అంతదాకా ఎందుకనుకుంటే, వచ్చే ఆదివారానికి చిన్న పని. ఆట అయ్యాక నీళ్ల సీసా చేతికిచ్చి ‘ఆకలైతుందా?’ అని అడగండి. బొంగులూరు గేటు దగ్గర బండి ఆపి మిర్చి బజ్జీలు కొనిపెట్టండి. స్కోరు సంగతి వాడే ఎత్తితే వినండి. ఎత్తకపోతే శేరిగూడ వచ్చినా అడక్కండి.