సరిగ్గా సగం

ప్రతి పెద్ద అపార్ట్‌మెంటులోనూ ఒక కన్సల్టెంటు గారుంటారు. ఒకప్పుడు ఉద్యోగి. ఇప్పుడు ఇంట్లో ఒక గదికి ఆఫీసని పేరుపెట్టి, ఇద్దరు ముగ్గురు క్లయింట్లకు సాఫ్ట్‌వేర్ సలహాలిస్తారు. ఆయనకు ఇలవేల్పు తర్వాత ఆడిటరే. బీపీ మాత్ర మరిచిపోయిన రోజు ఉంటుందేమో గానీ, ఆదాయపు పన్ను 44ఏడీఏ సెక్షను మరిచిపోయిన రోజుండదు. జనవరిలో అందరికీ సంక్రాంతి గుర్తొస్తే ఆయనకు 75 లక్షల గీత గుర్తొస్తుంది. ఏడాది వసూళ్లు ఆ గీత దగ్గరికొచ్చాయంటే, పని ఇస్తామన్న క్లయింటుతో ‘ఏప్రిల్లో మొదలుపెడదాం లెండి’ అంటారు. నగదు వసూళ్లు 5 శాతం దాటితే గీత 50 లక్షలకు దిగిపోతుంది గనక నోట్లంటే ఆయనకు మడి. అయినా ఆయన్ని దొంగ అనకూడదు. దొంగ బిల్లులు పెట్టేవాళ్లన్నా, పొలం లేకుండానే మామిడికాయలు అమ్మినట్టు రాసుకునేవాళ్లన్నా ఆయనకు మనస్ఫూర్తిగా అసహ్యం. రూపాయి దాచరు, ఒక్క అబద్ధపు కాగితం పుట్టించరు. చట్టం అంచు మీద, గట్టు మీద నడిచే రైతులా, కాలికి బురద అంటకుండా నడుస్తారు. సరిగ్గా అందుకే ఆయన మన ఆలోచనకు పనికొస్తారు. దొంగను తిట్టడానికి నీతిశాస్త్రం అక్కర్లేదు, పోలీసు చాలు.

ఆయన ఆధారపడిన ఈ 44ఏడీఏ సదుపాయం 2016 ఫైనాన్స్ చట్టంతో వచ్చింది. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టుల వంటి వృత్తుల వాళ్లు చిట్టాపద్దులు రాయనక్కర్లేదు. వసూళ్లలో సగం ఖర్చు కింద పోయిందనుకుని, మిగిలిన సగం మీద పన్ను కడితే చాలు. చిన్న ప్రాక్టీసుల వాళ్లకు లెక్కల బాధ తప్పించాలన్నది ఉద్దేశం. మొదట 50 లక్షలున్న వసూళ్ల పరిమితిని తర్వాత 75కి పెంచారు. ఇప్పుడు కన్సల్టెంటు గారి ఖర్చు చూడండి: ల్యాప్‌టాప్, నెట్, కరెంటు బిల్లు, నడుంనొప్పి రాని కుర్చీ. ధారాళంగా వేసినా 5 లక్షలు. 75 లక్షల వసూళ్లకు చట్టం ఊహించింది 37 లక్షల 50 వేలు. ఆ తేడా అంతా కాఫీకే పోయిందనుకుంటే ఆయన చెరువులో కాపురముండాలి. 2025-26 కొత్త పన్ను విధానం ప్రకారం ఆయన కట్టేది సెస్సుతో కలిపి సుమారు 7 లక్షల 33 వేలు. అదే 75 లక్షలు జీతంగా తీసుకునే పక్క ఫ్లాటాయనకు స్టాండర్డ్ డిడక్షన్ కింద 75 వేలు పోను, సర్‌చార్జీ, సెస్సు కలుపుకొని దాదాపు 20 లక్షల 68 వేలు పడుతుంది. అదీ జీతం చేతికి రాకముందే కోసేస్తారు. లిఫ్టులో ఇద్దరూ కలిసినప్పుడు రోడ్డు మీది గుంతల గురించి గట్టిగా మాట్లాడేది మాత్రం కన్సల్టెంటు గారే.

‘చట్టం ఇచ్చింది, పుచ్చుకున్నాను. ఇందులో నీతి ఏముంది?’ అన్నది ఆయన మొదటి వాదం. దీనికి పెద్ద వంశమే ఉంది. 1935లో ఇంగ్లండులో వెస్ట్‌మినిస్టర్ డ్యూకు తన తోటమాలి జీతాన్ని జీతమనకుండా, ఒప్పందపత్రం రాసి ఏటా ఇచ్చే మొత్తంగా మార్చి పన్ను తగ్గించుకుంటే, ప్రభువుల సభ సరేనంది. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన మెక్‌డోవెల్ మద్యం కంపెనీ కేసులో, మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి ఆ పాత సిద్ధాంతం మీద మండిపడ్డారు. అదే కేసులో మెజారిటీ తీర్పు మాత్రం, చట్టానికి లోబడిన పన్ను ప్రణాళిక తప్పు కాదని, మాయవేషాలు పనికిరావని గీత గీసింది. ఆ గీతకు ఇవతలే ఉన్నానని కన్సల్టెంటు గారు ఛాతీ విరుచుకోవచ్చు. ఆయన వేసింది వేషం కాదు, నిజమే. అయితే ఆ సెక్షను వాక్యాన్ని ఆయన సగమే చదువుతారు. వసూళ్లలో సగం, లేదా అంతకంటే ఎక్కువ సంపాదించానని ఆయనే చెప్పుకుంటే ఆ ఎక్కువ మొత్తం అన్నది దాని భావం. అంటే ఎంత మిగిలిందో చట్టం తేల్చెయ్యలేదు, ఆయన మాటకే వదిలింది. మిగతా చోట్ల ‘చట్టం ఒప్పుకుంది’ అన్నది జవాబు కావచ్చేమో గానీ ఇక్కడ కాదు. నీకెంత మిగిలిందయ్యా అని అడిగిన చట్టాన్నే సాక్షిగా పిలిస్తే, ప్రశ్న ప్రశ్నలాగే ఉండిపోతుంది.

రెండో వాదం బలమైనది. ‘నాకు పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. జ్వరమొస్తే ఆ రోజు సంపాదన సున్నా. క్లయింటు పొమ్మంటే పోవాలి. ఆ మాత్రం వెసులుబాటు ఉండొద్దా?’ ఉండాలి. కానీ ఈ సెక్షను తూచేది రిస్కును కాదు, ఖర్చును. అదీ సరిగ్గా తూచదు. చిన్న ఊళ్లో క్లినిక్కు నడిపే డాక్టరు అద్దె, నర్సు జీతం, మందుల ఫ్రిజ్జు కలిపి వసూళ్లలో అరవై శాతం ఖర్చుపెడితే, ఆ నిజం చెప్పుకోవడానికి పద్దులు రాసి ఆడిట్ చేయించుకోవాలి. పెద్దగా ఖర్చే లేని కన్సల్టెంటు గారికి ఆ బెడద లేదు. ఎవరి బాధ తగ్గించడానికి పెట్టారో వాళ్లకు అరకొర, ఆ బాధే లేనివాళ్లకు విందుభోజనం. ఇక మూడోది, ప్రభుత్వం డబ్బు తగలేస్తోంది అన్నది. తగలేస్తే తగలేస్తుండొచ్చు. కానీ ఆయన కట్టని దాదాపు 12 లక్షల వల్ల దుబారా ఆగదు. భారం కోతను తప్పించుకోలేని జీతగాళ్ల మీదికీ, సబ్బు కొన్నా జీఎస్టీ కట్టే వాచ్‌మన్ మీదికీ జరుగుతుంది.

కాబట్టి తప్పు పన్ను తగ్గించుకోవడంలో లేదు. ఖర్చులు నిజంగా సగమైనవాడు సగం రాస్తే అది నిజాయితీయే. సెక్షను సవరించాల్సిన బాధ్యత పార్లమెంటుదే, కాదనలేం. అందాకా మాత్రం ప్రతి ఏటి రిటర్నులోనూ ఆ ఒక్క గడి కన్సల్టెంటు గారి మాట కోసం ఖాళీగా ఎదురుచూస్తుంది. ఆయనకు ఆ శ్రమ కూడా లేదు. ఆడిటరు గారు 50 అని ముందే నింపి, ఫోను చేస్తారు. ఆయన చెప్పేది ఓటీపీ మాత్రమే.