ప్రాగ్ వంతెన... పక్కింటి వంతెన

మా వీధి పెద్దాయన యూరప్ పది రోజుల్లో చుట్టేసి రాజమండ్రిలో దిగారు. సామానులో ఆవకాయ జాడీ ఖాళీ, ఫోను మాత్రం ఫోటోలతో నిండు.

"ప్రాగ్‌లో చార్లెస్ వంతెనండీ! 1357లో మొదలెట్టారట. బండ్లు రానివ్వరు, మనుషులే నడుస్తారు. నది మీంచి ఆ గాలి... ఆయ్, చెప్తే అర్థం కాదండి."

అర్థమైంది. ఆ వంతెన అర కిలోమీటరు. మన హేవ్‌లాక్ వంతెన రెండున్నర కిలోమీటర్ల పైమాటే. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసి రిటైరైంది. పింఛను లేదు. దాన్ని పర్యాటకులు నడిచే వంతెనగా మారుస్తామని వింటూనే ఉన్నాం. వినడానికి టిక్కెట్టు లేదు కదా! గోదారి గాలి కూడా ఉచితమే, అందుకే కాబోలు దానికి గిరాకీ లేదు.

సాల్జ్‌బర్గ్‌లో మొజార్ట్ పుట్టిన ఇంటికి క్యూ కట్టి, టిక్కెట్టు కొని వెళ్లారట. మరి 1881 డిసెంబరు 11న తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వారి ఇల్లు చూశారా అన్నాను.

"ఊళ్లోదేగా! ఎప్పుడైనా చూడొచ్చండి."

ఆ 'ఎప్పుడైనా'కి ఆయన వయసు 68.

వచ్చే వేసవికి ఇంగ్లండట. డార్కింగ్‌లో కాటన్ దొర సమాధికి దండ వేసొస్తారట. సంతోషం. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం వాళ్లింటికి పది కిలోమీటర్లు కూడా లేదు. ఆటో వెళ్తుంది.