రాయి ఒక్కటే, తూకాలు మూడు

చీమకుర్తి గ్రానైటు రాయికి మూడు బరువులుంటాయి. ట్రాన్స్‌పోర్టు ఆఫీసువాళ్ల నోట్లో ఒకటి, కాగితం మీద ఒకటి, కాటా మీద ఒకటి. మొదటి రెండింటినీ ఫ్యాను కింద కూర్చున్నవాళ్లు మోస్తారు. మూడోదాన్ని నా బండి టైర్లు మోస్తాయి.

నల్లరాతిలో బంగారు చుక్కలు మెరుస్తాయని దీనికి బ్లాక్ గెలాక్సీ అని పేరు పెట్టారు. ఓడలెక్కి దేశాలు తిరుగుతుంది. ఆకాశంలో ఉన్న గెలాక్సీల బరువు కూడా శాస్త్రవేత్తలు లెక్క కట్టారంట గానీ, మా మేనేజరు గారి చేత ఈ గెలాక్సీ బరువు సరిగ్గా చెప్పించినవాడు ఇంతవరకూ పుట్టలేదు. "పద్దెనిమిది టన్నులే అబ్బాయ్, నీ బండి కోసం కోసినట్టుంది" అంటారు, రాయిని కళ్లతో చూడకుండానే.

ఆయన అబద్ధం చెప్పారని కూడా అనలేం. క్వారీలో రాయిని టేపుతో కొలుస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు. క్యూబిక్ మీటరు మూడు టన్నులకు దగ్గరగా తూగుతుంది. వంకర అంచులకు కొంత, పగుళ్లకు కొంత కొట్టేసి నెట్టు కొలత రాస్తారు. కొనేవాడు డబ్బు కట్టేది ఆ నెట్టుకే. న్యాయమే. కానీ కొట్టేసిన అంచు కాగితం మీద పోయింది గానీ రాయి నుంచి ఊడిపడలేదుగా! అదీ నా బండిలోనే ప్రయాణం చేస్తుంది, టికెట్టు లేకుండా.

నా పది చక్రాల బండికి ఆర్‌సీలో గ్రాసు 28 టన్నులు. ఖాళీ బండి 10. నెట్టు కొలత 6 క్యూబిక్ మీటర్లంటే 18. ఆఫీసులో లెక్క అచ్చంగా కుదిరింది. కాటా ఎక్కిస్తే 31 చూపింది. ఫోన్ కొట్టాను.

"ఏ కాటాలో వేశా?"

"క్వారీ బయట కాటాలో సార్."

"అది ఎప్పుడూ ఎక్కువే చూపిస్తది. ముందుకు పో, ఇంకోటి వస్తది."

ఇంకోటి వచ్చింది. 31 టన్నుల 100 కిలోలు.

"చూశావా, రెండు కాటాలకీ పొత్తు కుదర్లా. దేన్ని నమ్ముతాం చెప్పు? నువ్వు కదులు, నే చూసుకుంటా."

ఈ మాటకు మాత్రం ఆయన కట్టుబడి ఉంటారు. నిజంగానే చూసుకుంటారు, జీపీఎస్‌లో. టీ తాగుదామని బండి ఆపితే మూడో గుక్కలోపే ఫోను. అదే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆపాడా, అంతసేపు నిలబడ్డ చుక్క ఆయనకు కనపడదు. నేను చేస్తే, మీరు పిలుస్తున్న చందాదారు అందుబాటులో లేరని ఓ ఆడపిల్ల ఎంతో మర్యాదగా చెబుతుంది. ఆఫీసు మొత్తంలో నాతో మర్యాదగా మాట్లాడేది ఆ అమ్మాయే.

2018లో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచింది. వెనక జంట ఇరుసుకు 19 టన్నులుండేది 21 అయింది. నా ఆర్‌సీలో ఆ పెంపు ఎప్పుడో కలిసిపోయింది. మేనేజరు గారి దగ్గర మాత్రం అది నేటికీ ఖర్చు కాలేదు. ఎన్ని టన్నులు ఎక్కువైనా "గవర్నమెంటే పెంచిందిగా!" అంటారు.

మా అబ్బాయి ఒంగోలులో సివిల్ ఇంజినీరింగు చదువుతున్నాడు. ఓ రాత్రి మోటారు వాహనాల చట్టం తీసి, 194వ సెక్షను చదివి వినిపించాడు. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు 20 వేలు జరిమానా, పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2 వేలు. అంటే నా రాయికి 26 వేలు. ఎక్కువైన సరుకు దించేదాకా బండి కదలకూడదు, దింపుడు ఖర్చూ మనదే. పోనీ కాటా కంటే ముందే దించేస్తేనో, అసలు బండి ఆపకపోతేనో? 40 వేలు.

బియ్యం బస్తాలైతే దించొచ్చు. ఏకశిలలోంచి మూడు టన్నులు దించేదెట్లా? ఉలీ సుత్తీ పట్టుకుని తడ దగ్గర హైవే పక్కన కూర్చుంటే, పని పూర్తయ్యేసరికి ఓ నంది తయారవుతుంది. చెన్నై రేవులో అది దిగాక, కొన్నవాడు దండం పెట్టాలో కేసు పెట్టాలో తేల్చుకోవాలి.

"మూడు టన్నులకే రోడ్డు కుంగిపోద్దా?" అని మేనేజరు గారు ఓసారి వేదాంతం మాట్లాడారు. మావాణ్ణి అడిగాను. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో సైనికుల చేత లారీలు తిప్పించి మరీ చూశారంట. ఇరుసు మీద బరువు 20 శాతం పెరిగితే రోడ్డుకు తగిలే దెబ్బ దాదాపు రెండింతలు. ఈ సంగతి ఆఫీసులో చెబితే "మీవాడికి చదువెక్కువైంది" అన్నారు. చదువు ఒక్కటే ఆయన కంటికి ఓవర్‌లోడుగా కనపడింది.

అదే సెక్షనులో ఇంకో ముక్క ఉంది. శిక్ష బండి నడిపినవాడికే కాదు, నడిపించినవాడికీ, నడపనిచ్చినవాడికీ. మర్నాడే వెళ్లి ఆయన ముందు ఇది కూడా చదివాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత సొరుగు లాగి వేరే బండి తాళాలు బల్ల మీద పెట్టారు.

"రాయి వద్దులే. నెల్లూరు మిల్లు నుంచి ఊక తోలు. ఊకకి బరువుంటదా?"

ఉండదు. కాటా ఎక్కిస్తే ముల్లు సిగ్గుపడింది. ఊకకు బరువు లేదు గానీ ఒళ్లుంది. పట్టా కట్టాక రెండు పక్కలా బాడీ దాటి ఎంత ఉబ్బిందంటే, అద్దాల్లో నాకు ఊక తప్ప ఊరు కనపడలేదు. మావాడికి ఫోన్ చేశాను.

"నాన్నా, అది 194లోనే 1ఎ. సరుకు పక్కలకు పొడుచుకొస్తే 20 వేలు."

మేనేజరు గారికి చేశాను. ఆ అమ్మాయి ఎత్తింది.