సైజ్ జీరో అయింది ఎవరు?

నిజామాబాద్ జిల్లా సిరికొండలో సంబంధం చూడవచ్చినవాళ్లకు పిల్ల చదువుకన్నా ముందు నడుమే కనిపిస్తుంది. ‘జర లావుంది’ అంటారు. బక్కగా ఉంటేనో, ‘తిండి పెడ్తలేరా?’ ఈలోపు బరువు తగ్గించే పొడి డబ్బాలవాళ్లు దిగుతారు, చేతిలో ఎత్తుకు బరువు లెక్కగట్టే బీఎంఐ చీటీతో. ఆ సూత్రం కట్టింది డాక్టరు కాదు, 1830ల నాటి బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త కెటలే. అదీ జనం సగటు తెలుసుకోవడానికి. మన పిల్ల పెళ్లికి కాదు.

కొవ్వు తీసే లైపోసక్షన్ చేయించుకున్న కొన్ని వారాలకే, 2015 జూన్‌లో, నటి ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్లకే కన్నుమూశారు. అదే ఏడాది నవంబరులో అనుష్క బరువు పెంచుకుని నటించిన ‘సైజ్ జీరో’ సినిమా వచ్చింది. టికెట్టు కొని చూశాం, ఇంటికొచ్చి మళ్లీ నడుములే కొలిచాం.

ఆ డిసెంబరులో బోధన్ నిజాం షుగర్స్‌కు తాళం పడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఫ్యాక్టరీ! జిల్లాలో నిజంగా సైజ్ జీరో అయింది అదొక్కటే. తెరిపిస్తామన్న హామీలు మాత్రం ఏ డైటింగూ లేకుండా బొద్దుగానే ఉన్నాయి.

పెళ్లిపెద్దలూ, టేపు చేతిలో ఉంటే బోధన్ వెళ్లి ఆ హామీలను కొలవండి. పిల్లను కడుపునిండా తిననివ్వండి.