లాబ్రడార్‌కు లాలపోత

ఈదడానికే పుట్టిన జీవిని ఈదినందుకు శిక్షించే విద్య మన హైదరాబాదులో బాగా ముదిరింది. శిక్ష పేరు షాంపూ. అమలు చేసేవారు కుక్కగారి మమ్మీ, డాడీ. నగరం చుట్టూ శునకాల ఈతకొలనులు వెలిశాయి. ఆదివారం పొద్దున్నే లాబ్రడార్లు లైఫ్ జాకెట్లు తొడుక్కుని కార్లు దిగుతాయి. అరగంట జలకాలాట, ఆ తర్వాత గంటసేపు నురగలో ప్రాయశ్చిత్తం. కొలనులోకి దూకేటప్పుడు ఊగిన తోక, స్నానం దగ్గరికొచ్చేసరికి కాళ్ల మధ్యకు ఎందుకు చేరిందో మమ్మీ అడగదు. సీసా మీద ‘జెంటిల్’ అని రాసి ఉంది కదా!

ఈ వంశం పూర్వీకులు పందొమ్మిదో శతాబ్దంలో కెనడా తూర్పు కొసన, న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్ల దగ్గర కొలువు చేశారు. ఎముకలు కొరికే సముద్రంలోకి దూకి, గాలం జారిన చేపను నోట కరిచి తేవడం వాళ్ల ఉద్యోగం. ఇంగ్లండు దొరలు ఆ కుక్కలను తీసుకెళ్లి పెంచి పోషించారు, 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ వీటికో జాతిగా గుర్తింపు ఇచ్చింది. అంతటి చలినీళ్లలో వీటిని కాపాడింది ఏమిటి? పైన బిరుసు బొచ్చు, లోపల మెత్తగా ఒత్తుగా మరో బొచ్చు, రెంటికీ పట్టి ఉండే చర్మపు నూనె. ఒడ్డుకొచ్చి ఒక్కసారి విదిలిస్తే సగం నీళ్లు పోయేవి. ఓట్‌మీల్ షాంపూ పట్టుకుని ఏ జాలరీ ఒడ్డున నిలబడలేదు.

ఇప్పుడు మనం చేస్తున్న సేవ ఏమిటంటే, ఆ నూనెను ఆదివారం షాంపూతో కడిగేస్తాం. మంగళవారానికి చర్మం పొడిబారి కుక్క గోక్కుంటుంది. ‘అయ్యో, కొలను నీళ్లు పడలేదు’ అని ఇంకాస్త సున్నితమైన షాంపూ కొంటాం. గురువారం కండిషనర్ వస్తుంది. శనివారం బొచ్చు మెరవడానికి నూనె స్ప్రే వస్తుంది. కుక్క ఒంట్లో ఉచితంగా ఊరేదాన్ని కాలువలో పోసి, దానికి నకలు సీసాలో కొనుక్కోవడాన్నే పెంపుడు ప్రేమ అంటున్నాం. కొట్టు దగ్గర సంభాషణ ఇలా ఉంటుంది:

‘మీ బాబు వారానికి ఎన్నిసార్లు స్విమ్మింగ్‌కి వెళ్తాడు సార్?’

‘మూడుసార్లు.’

‘అయితే మూడుసార్లూ ఇదే వాడండి సార్. చాలా జెంటిల్. రోజూ వాడినా ఏం కాదు.’

‘వాడకపోతే ఏమవుతుంది?’

‘వాడకపోతే ఎలా సార్!’

ఆ ప్రశ్నకు జవాబు కుర్రాడికి ఎవరూ నేర్పలేదు, పాపం. సున్నితం కనుక రోజూ వాడవచ్చట. మెల్లగానే కొడుతున్నాను కనుక పూటపూటా కొడతాను అన్న పంతులుగారి తర్కం ఇది.

పోనీ, సీసా వెనక్కి తిప్పి చదువుదాం. మొదటి పుణ్యం: ‘సల్ఫేట్లు లేవు, కొబ్బరి నుంచి తీసినది’. వినడానికి కోనసీమలో తెల్లారినట్టుంది. కానీ షాంపూ కంపెనీలు దుష్టుణ్ణి చేసి తరిమిన సోడియం లారిల్ సల్ఫేటును కూడా చాలావరకు కొబ్బరినూనె నుంచో, పామ్ గింజల నూనె నుంచో చేస్తారు. దొంగా పోలీసూ ఒకే చెట్టు కాయలు! పుట్టుక చెప్పి గుణం నమ్మించే పద్ధతి మన పెళ్లి సంబంధాల్లోనే చెల్లుతుందనుకున్నాను, స్నానాల గదిలోకీ వచ్చింది.

రెండో పుణ్యం ‘ప్రకృతి సహజం’. కుంకుడుకాయ కన్నా సహజమైనది ఏముంది? ఆ రసం కంట్లో పడి, నోట్లో ఉప్పుకల్లు వేసుకుని వీధి అదిరేలా ఏడ్చిన తెలుగువాడికి ప్రకృతి ఎంత సున్నితమో ఎవరూ చెప్పక్కర్లేదు. టీ ట్రీ నూనె కూడా సహజమే. చిక్కటిది కుక్క ఒంటికి రాస్తే వణుకు, తూలుడు, నీరసం, ఒక్కోసారి ప్రాణం మీదికి రావడం కూడా అంతే సహజం.

మూడోది ‘హైపోఅలర్జెనిక్’. అమెరికాలో మనుషుల సౌందర్య సాధనాల మీద ఈ మాట వేసుకోవాలంటే పరీక్షతో రుజువు చూపండని 1975లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన పెట్టింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి, 1977లో ఆ నిబంధన ఎగిరిపోయింది. రుజువు పోయింది, మాట మిగిలింది. మనుషుల సీసా గతే అదైతే, కుక్క సీసా మీద అడిగేదెవరు?

మన దేశంలో అడగడానికి చట్టం కూడా తలుపు వేసుకుంది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ప్రకారం సౌందర్య సాధనం అంటే మనిషి ఒంటికి వాడేదే. మందుల నిర్వచనంలో జంతువులకు చోటుంది కానీ, అందం మాత్రం మానవుల గుత్త. అంటే మందు కలవని మామూలు కుక్క షాంపూ ఆ చట్టం దృష్టిలో మందూ కాదు, సౌందర్య సాధనమూ కాదు. ఉత్త నురగ!

ఇక ‘పీహెచ్ సమతుల్యం’. ఎవరితో సమతుల్యం? మన చర్మం ఆమ్లగుణం వైపు, ఐదున్నర దగ్గర ఉంటుంది. కుక్క చర్మం ఏడుకు దగ్గరగా ఉంటుంది, పైగా మనకన్నా పలుచన. ఇంత తేడా ఉన్నచోట అంకె వేయకుండా తక్కెడ బొమ్మ మాత్రం వేస్తారు. మామిడిపండు పరిమళం సంగతి సరేసరి. మన ముక్కుకు లీలగా తగిలేది, దాని ముక్కుకు వారం రోజుల లౌడ్‌స్పీకరు.

మరి ఈదే కుక్కకు ఏం కావాలి? చెబితే వ్యాపారం పడిపోతుంది. ఈత అయ్యాక క్లోరిను, ఉప్పు, బురద పోయేలా కుళాయి నీళ్లు ధారాళంగా పోయాలి. పాత తువ్వాలుతో లోపలి బొచ్చు దాకా తుడవాలి. కాలిసందులు, మెడపట్టీ కింద భాగం ఆరబెట్టాలి, వేలాడే చెవుల లోపల తడి ఉంచకూడదు. ఈదే కుక్కకు చీము, దురద ఎక్కువగా తెచ్చేది నిలిచిన తడే. తడిని షాంపూ పోగొట్టదు, తువ్వాలు పోగొడుతుంది. తువ్వాలుకు ప్రకటన లేదు, పది వేరియంట్లు లేవు, దాన్ని పట్టుకుని రీల్ చేసే ఇన్‌ఫ్లుయెన్సరూ లేడు.

నిజంగా చర్మం చెడితే పశువైద్యుడు మందు షాంపూ రాస్తాడు. దాన్ని పది నిమిషాలు ఒంటి మీద ఉంచాలంటాడు. మామిడి షాంపూను అరగంట రుద్దిన చేతులే దీన్ని అర నిమిషంలో కడిగేస్తాయి. మందు కదా, ఘాటు అని భయం!

షాంపూ అసలే వద్దని నేననను. మురికి పట్టినప్పుడు, వాసన వేసినప్పుడు, మహా అయితే నెలకోసారి, కుక్కలకని చేసినది, వాసన లేనిది, నీళ్లు కలిపి వాడి, జిగురు మిగలకుండా కడిగితే చాలు. అలా వాడితే ఒక్క సీసా నెలల తరబడి వస్తుంది. మీ ఇంట్లో నెలకొకటి ఖాళీ అవుతుంటే, డాక్టరుకు చూపించవలసింది కుక్కను కాదు.